కుడి పక్క మెడల్

మొన్న జెండా పండగ నాడు కడప బస్టాండులో కర్నూలు బస్సు కోసం కూర్చున్నాను. గోడకు తగిలించిన టీవీలో యుద్ధంలో పోయిన సిపాయిల స్తూపం చూపిస్తున్నారు. చిన్న వయసు ఆడమనిషి ఒకామె స్తూపం ముందర పూలు పెట్టి నిలబడింది. చీర మీద, కుడి పక్కన, రెండు మెడళ్లు వేలాడుతున్నాయి. నా పక్కనున్న పెద్దమనిషి శెనక్కాయలు ఒలుచుకుంటా, "చూడమ్మా ఈ చోద్యం. మొగునికొచ్చిన మెడల్ ఈమె తగిలిచ్చుకునింది. ఈమె ఏమన్నా తుపాకి పట్టిందా?" అన్నాడు. అవునప్పా అంటానని నా మొహంలోకి చూశాడు.

ఇంతలో బస్సొచ్చింది. పరిగెత్తే వయసు కాకపోయినా సీటు కోసం పరిగెత్తాను. జవాబు గొంతులోనే ఉండిపోయింది. కర్నూలు వచ్చేదాకా కిందికి దిగలేదు, పైకీ రాలేదు. అందుకే ఇట్లా కాగితం మీద పెడుతున్నాను. ఆయన చదువుతాడా లేదా అనేది నాకు అక్కరలేదు.

మా ఊరు బేతంచెర్లకు నడిచిపోయేంత దూరం. ఇంటి గోడలు నాపరాయి, పైకప్పు నాపరాయి, ఎద్దులు మేసే గాడి నాపరాయి, చచ్చినోళ్ల తలకాడ నిలబెట్టేదీ నాపరాయే. ఎండాకాలం వాకిట్లో బండల మీద కాలు పెడితే చుర్రుమనేది. తొలివాన నాలుగు చుక్కలు రాలితే ఆ బండల్లోంచి పచ్చి సున్నం వాసన లేచేది. పిల్లోళ్లం బోర్లా పడుకొని ఆ వాసన పీల్చేవాళ్లం. నాలుకతో నాకినోళ్లు కూడా ఉన్నారు, అందులో నేనొకదాన్ని. మా నాయన గనిలో రాయి కొట్టేవాడు. మధ్యాహ్నం ఆయనకు సద్ది మోసేది నేను. గుడ్డలో రెండు జొన్నరొట్టెలు, ఎర్రగడ్డ కారం, ఒక పచ్చి ఎర్రగడ్డ. తోవలో రొట్టె అంచు విరుచుకొని తినేదాన్ని. "రొట్టెను ఎలకలు కొరికినట్టుండాయే" అని నాయన రోజూ అనేవాడు.

మా నాయన చెల్లెలు మా అత్త. ఆమెను ఇచ్చింది ఊర్లోనే, రెండు వీధుల అవతల. మామ కూడా గనిలో నాయన పక్కనే బండలు మోసేవాడు. పెళ్లికి ముందే, ఒకరోజు కర్నూల్లో మిలిటరీకి ఎత్తుకుంటున్నారని తెలిసి, సుత్తె నాయన చేతిలో పెట్టి పోయినాడు. అమ్మానాయన లేని మనిషి, ఒక తమ్ముడు తప్ప ఆపేవాళ్లు లేరు.

సెలవులో వచ్చినప్పుడు నల్ల ట్రంకు పెట్టె తెచ్చేవాడు. మూత తీస్తే కలరా ఉండలు, బూట్ల పాలిష్ కలిసిన వాసన. అడుగున పిల్లోళ్ల కోసం బిస్కట్లు. అవి పంటితో విరిగేవి కావు, బండ మీద పెట్టి కొట్టి, టీలో నానబెట్టి తినేవాళ్లం. టీ మామే కాచేవాడు. మొదటి గ్లాసు అత్తకిచ్చేవాడు. మా జేజి, అంటే నాయనమ్మ, మూతి మూడు వంకర్లు తిప్పి, "మొగోడు పొయ్యికాడ కూర్చుంటే వానలు పడవప్పా" అనేది.

"నేను ఊర్లో లేనప్పుడు మాత్రం యాడ పడినాయి అత్తా?" అనేవాడు మామ జేజితో.

పెళ్లయి మూడేళ్లు. అన్ని సెలవులూ కలిపితే వాళ్లిద్దరూ ఒకచోట ఉన్నది పది నెలలు కూడా కాదు. పిల్లలు లేరు. యుద్ధం వచ్చింది. ఊరిపెద్ద ఇంటి అరుగు మీద రేడియో చుట్టూ జనం చేరేవాళ్లు. ఒకరోజు పోస్టుమాను అత్త వీధికి సైకిలు దిగి నడుచుకుంటా వచ్చినాడు. ఎప్పుడూ దిగే మనిషి కాదు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను.

అత్తకు అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆచారం ప్రకారం చేయాల్సినవన్నీ చేశారు. వెనకగదిలో కూర్చోబెట్టారు. ఏడాది నిండినాక నాయన పోయి మా ఇంటికి పిలుచుకొచ్చినాడు. ఇంటికైతే వచ్చింది గానీ, జేజి పెట్టిన కట్టుబాట్లు మెట్టినింట్లో కంటే తక్కువేం కాదు. వీధి వాకిట్లో నిలబడకూడదు. గనికిపోయే మొగోళ్లకు ఎదురు రాకూడదు. పెళ్లి మేళం వినపడితే లోపలికి పోవాల.

ఒకరోజు జీపొకటి వచ్చింది. మామ చూపిన ధైర్యానికి సర్కారు మెడల్ ఇస్తోందనీ, భార్య కర్నూలుకొచ్చి తీసుకోవాలనీ కాగితం తెచ్చారు. ఆ సాయంత్రమే మామ తమ్ముడు ఇంకో కాగితం పట్టుకొని వచ్చినాడు. ఆయన్ను మేము చిన్నమామ అనేవాళ్లం.

"వదినా, నువ్వు సభకు యాడొస్తావులే. నలుగురు నాలుగు మాటలంటారు. ఒంట్లో బాగలేదని రాయించినా. ఏలుముద్ర ఎయ్యి, నేను పోయి తెస్తా."

"ఎయ్యే" అంది జేజి. "బొట్టు లేని మొహం. ఆడ నిన్నెవురు చూడాల?"

అత్త వేసింది. బొటనవేలి మీది సిరాను రెండు రోజులు బూడిదతో రుద్దుతూనే ఉండింది.

మెడల్ వచ్చింది గానీ మా ఇంటికి రాలేదు. చిన్నమామ దాన్ని తన ఇంట్లో దేవుని పటం పక్కన మేకుకు తగిలించుకున్నాడు. పెళ్లిళ్లకు తెల్ల చొక్కా ఎడమ జేబు మీద పెట్టుకొని పోయేవాడు. టీ అంగడికాడ కూర్చొని యుద్ధం చెప్పేవాడు. మొదట్లో, "మా యన్న ఒక్కడే పది మందిని కాల్చినాడు" అన్నాడు. ఆర్నెల్లకు పది ఇరవై అయింది. ఏడాది తిరిగేసరికి 'మా యన్న' పోయి 'మేము' వచ్చింది. ఒకసారి చూపించమని అత్త కబురు పంపితే, "పండగకు తెస్తాలే వదినా" అన్నాడు. ఎన్నో పండగలు పోయినాయి. తేలేదు.

చిన్నమామ కూతురు నా ఈడుది, నాకు జత. శెనక్కాయ పీకే కాలం, పెద్దోళ్లంతా చేన్లకు పోయినారు. వాళ్లింట్లో ఒక పొట్టేలు ఉండేది. ఆరోజు అది వీధి కుక్కను గుద్ది గుద్ది తరిమింది. మాకు ఆనందం పట్టలేదు. "యుద్ధం గెల్చింది మే. దీనికి మెడల్ ఇయ్యాల" అన్నాను నేను. నా జత ముక్కాలిపీట వేసుకొని మేకు మీంచి మెడల్ తీసింది. పొట్టేలు మెడ తాడుకు పిన్నుతో గుచ్చి, ఇద్దరం సల్యూట్ కొట్టినాం.

సల్యూట్ అయిందో లేదో పొట్టేలు పరుగు తీసింది. మా పెరట్లో కుడితి తొట్టి దానికి అలవాటు. రెండు వీధులూ దాటి, వెనక మేమిద్దరం ఏడుస్తా పరిగెత్తుతుంటే, నేరుగా పోయి తొట్టిలో మూతి పెట్టింది. అత్త అక్కడే రోట్లో మిరపకాయలు దంచుతా ఉండింది. తలెత్తి చూసింది. పొట్టేలు మెడలో వెండి బిళ్ల, రంగురంగుల గుడ్డ, దాని మీద కుడితి.

అత్త నవ్వింది. మామ పోయినప్పటినుంచీ ఆమె నవ్వగా నేను చూడలేదు. రోకలి వదిలేసి, కడుపు పట్టుకొని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కారం చేతులతో కళ్లు తుడుచుకుంది. దాంతో నిజంగానే కళ్లు మండి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎంతసేపటికీ ఆగలేదు. తర్వాత చేతులు కడుక్కొని, పొట్టేలు తాడుకున్న పిన్ను తీసి, మెడల్ను కొంగుతో తుడిచింది. వచ్చిన రెండేళ్లకు ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"దీని మీద ఏం రాసినారే?" అని నన్నడిగింది. నాకప్పటికి ఇంగ్లీషు రాదు.

మా వీధి చివర పల్టన్ తాత కొలిమి ఉండేది. సాయిబు. తెల్లోళ్ల కాలంలో పల్టన్లో, అంటే పటాలంలో, చేరి ఏదో ఎడారి దేశంలో యుద్ధం చేసొచ్చిన మనిషి. గని పనోళ్ల ఉలులకు పదును పెట్టి బతికేవాడు. పట్టపగలు, నడివీధిలో, అత్త నా చెయ్యి పట్టుకొని ఆయన దగ్గరికి పోయింది. తాత మెడల్ను వెలుతురుకు తిప్పి, అంచు మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"ఇది నంబరు బేటీ. ఇది నీ మొగుని పేరు."

"మా మరిది పేరు యాడన్నా ఉండాదా తాతా?"

"ఆయప్పది ఏంటికుంటాది?"

అత్త బిళ్లను చేతిలోకి తీసుకొని, "ఆడోళ్లు దీన్ని పెట్టుకోవచ్చా?" అంది.

తాత కొలిమి ఊదేది ఆపినాడు. "సంపాదించినోడు ఎడమ పక్క పెట్టుకుంటాడు. వాడు పోతే వాని మనిషి కుడి పక్క పెట్టుకుంటాది. తెల్లోళ్ల ఆడోళ్లు అట్ల పెట్టుకుని రాగా నేను చూసినా. కుడి పక్క కనపడితే సాలు, ఇది ఈమె గెల్చుకునింది కాదు, పోగొట్టుకునింది అని సిపాయి అనేవానికి తెలుస్తాది."

పొద్దు గూకే వేళకు చిన్నమామ వచ్చినాడు. అప్పటికే వాళ్లింట్లో నా జతకు, మా ఇంట్లో నాకు దెబ్బలు పడినాయి.

"వదినా, పిల్లోళ్లు తెలీక తెచ్చినారు. ఇయ్యి."

"ఎవురిది?"

"మా యన్నది."

"నీకు అన్న. నాకు ఏమైతాడు?"

చిన్నమామ నాయన వైపు చూశాడు. నాయన తన అరచేతుల్లోని కాయలు చూసుకుంటా కూర్చున్నాడు. జేజి మాత్రం, "ఇచ్చెయ్యే. ఇంటిమీదికి తగాదా తేవద్దు" అని అరిచింది.

"నువ్వే గదా ఏలుముద్ర ఏసిస్తివి" అన్నాడు చిన్నమామ.

"తెచ్చేదానికి ఏసినా. ఉంచుకునేదానికి కాదు."

"జెండా పండగకు నన్ను పిలిచినారు వదినా. ముందర కుర్చీ ఏస్తారు. మెడల్ లేకుండా పోతే నా మర్యాద ఏం గావాల?"

"నీ మర్యాద నీ కాడ ఉండాల గానీ, నా మొగుని బిళ్లకాడ ఉంటే ఎట్లప్పా?"

ఆ మాటకు నాయన నోట్లోంచి చిన్న నవ్వు జారింది. వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు.

జెండా పండగ పొద్దున అత్త తలకు పోసుకొని, మామ తెచ్చిన ముదురు నీలం చీర పెట్టెలోంచి తీసి కట్టుకుంది. మెడల్ కుడి భుజం కింద గుచ్చుకుంది. జేజికి అర్థమై, పోయి గడపలో అడ్డంగా కూర్చుంది.

"అమ్మా, లెయ్యి."

"లెయ్యను. యాడికి పోతావో పో సూస్తా."

మనిషిని దాటకూడదనేది మా పక్క ఎంత పెద్ద మాటో చెప్పాలి. పడుకున్న పిల్లోన్ని పొరపాటున దాటితే మళ్లీ వెనక్కి దాటాల్సిందే, లేకపోతే ఎదగడంటారు. అలాంటిది అత్త కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, కన్నతల్లిని దాటి వీధిలోకి దిగింది. జేజి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ సందులో నేను కూడా దాటేసినాను.

బడి ముందర బండల మీద సున్నంతో గీతలు గీసినారు. పిల్లోళ్లకు పంచడానికి బొరుగులు, పుట్నాలు, బెల్లం గంపలో ఉన్నాయి. ఆ బెల్లం వాసన మీదే మా ధ్యాసంతా. జెండా కర్ర పక్కన రెండు ఇనుప కుర్చీలు. ఒకదాంట్లో ఊరిపెద్ద, గని ఆయనదే. రెండోది ఖాళీ. పక్కన తెల్ల చొక్కాలో చిన్నమామ నిలబడి ఉన్నాడు. మెడల్ లేకుండా కూర్చోవాలో వద్దో ఆయనకు తోచలేదు. అత్త మొగోళ్ల మధ్యలోంచి నడుచుకుంటా పోయి ఆ కుర్చీ ముందర నిలబడింది. గుసగుసలు మొదలైనాయి.

"ఏమ్మా, ఆడోళ్లు ఆ పక్క" అన్నాడు ఊరిపెద్ద.

"ఈ కుర్చీ ఎవురికి ఏసినారు పెద్దాయనా?"

"మెడల్ వచ్చినోని ఇంటోళ్లకు."

"ఆ ఇల్లు నేనే."

చిన్నమామ ఒక్కడుగు ముందుకొచ్చినాడు. "నలుగుర్లో ఏం పని వదినా ఇది? నువ్వేమన్నా యుద్ధం చేసినావా, దాన్ని తగిలిచ్చుకునేదానికి?"

"చేయల్యా" అంది అత్త. "చేయల్యా కాబట్టే కుడి పక్క పెట్టుకునింటి. ఎడమ పక్క ఆయప్పది. నువ్వు పెండ్లిండ్లకు యా పక్క పెట్టుకుని పోతాంటివో ఈళ్లందరికీ చెప్పు."

అక్కడున్న అందరికీ ఆ ఎడమ జేబు తెలుసు. జనం వెనకనుంచి కర్ర చప్పుడు వినిపించింది. పల్టన్ తాత. వంగిన నడుముతోనే ముందుకొచ్చి, అత్త ఎదురుగా నిలబడి, "కూర్చో బేటీ. నువ్వు కూర్చునేదాకా నేను నిలబడాల. మోకాళ్లు నొస్తాండాయి" అన్నాడు. అత్త కూర్చుంది. ఊరిపెద్ద గొంతు సవరించుకొని బడి అయివారికి సైగ చేశాడు. జెండా ఎగిరింది. ఆ రోజు బెల్లం నేను తినలేదు. తినకపోవడం నా బాల్యంలో అదొక్కసారే.

ఇంటికొచ్చేసరికి జేజి ఇంకా గడపలోనే ఉంది. "మళ్లీ ఎనక్కి దాటు. దాటితే దోషం పోతాది" అంది.

"దాటను. ఈ వయసులో నువ్వు ఇంకేం పెరుగుతావులేమ్మా" అని అత్త పెరటి పక్కనుంచి లోపలికి పోయింది.

ఇదంతా ఊరికే పోలేదు. చిన్నమామ ఇంటితో మాటలు తెగిపోయినాయి. ఊర్లో ఏ పెళ్లికీ అత్తను పిలవలేదు. నెలరోజులు జేజి ఆమె చేతి బువ్వ ముట్టలేదు. గనిలో నాయనకు లోతు గుంతలో పని వేశారు. ఎందుకని ఆయన అడగలేదు, చెల్లెలికి చెప్పనూ లేదు. ప్రతి జెండా పండగకూ అత్త మాత్రం అదే నీలం చీరతో పోయేది. కొన్నేళ్లు కుర్చీ వేశారు, కొన్నేళ్లు వేయలేదు. వేయని ఏడాది నిలబడింది. నా పలక తీసుకొని తన పేరు రాయడం నేర్చుకుంది. ఇక ఎవరికీ ఏలుముద్ర వేయలేదు. బడి పిల్లోళ్లకు వంట చేసి బతికింది.

నేను కర్నూల్లో టీచరు చదువు చదివేటప్పటికి చిన్నమామ పోయినాడు. ఆయన కూతురు, నా జత, ఒక కవరు పట్టుకొని అత్త దగ్గరికి వచ్చింది. "నాయన దేవుని పటం ఎనక పెట్టినాడు పెద్దమ్మా. మెడల్‌తో పాటే ఇచ్చినారంట. ఆయప్పకూ చదవను రాదు" అంది. లోపల ఒకే ఒక్క ఇంగ్లీషు కాగితం. సెలవుల్లో నేనొచ్చేదాకా అత్త దాన్ని దిండు కింద పెట్టుకుంది.

వాకిట్లో కూర్చొని తెలుగులో చెప్తా చదివినాను. అందులో పది మంది లేరు, ఇరవై మంది లేరు. మామ తుపాకి పేల్చినట్టే లేదు. సిపాయిలు దాక్కునే గుంత బయట గాయాలతో పడిపోయిన ఇద్దరు ఉన్నారు. గుండ్లు పడుతుంటే మామ పాక్కుంటా పోయి ఒకర్ని వీపున మోసుకొచ్చినాడు. పై ఆఫీసరు వద్దన్నాడు. అయినా రెండోవాని కోసం మళ్లీ పోయినాడు. వాన్ని గుంత అంచుదాకా లాక్కొచ్చి లోపలికి తోసినాడు. అప్పుడు గుండు తగిలింది.

"బండలు మోసిన వీపు" అంది అత్త. నా చేతిలోని కాగితాన్ని వేలితో తడిమి, "వద్దంటే ఎందుకు పోవాల? ఒకర్ని తెచ్చినాడు గదా. సాలదా?" అంది. అంత కోపం ఆమె చిన్నమామ మీద కూడా చూపలేదు. బండ మీద చేత్తో కొట్టింది.

"రెండో ఆయప్ప బతికినాడా?"

కాగితం తిప్పి చూసినాను. వెనకంతా ఖాళీ. "రాయలేదత్తా."

"ఇంత రాసినోళ్లు ఆ ఒక్క ముక్క రాయలేకపోయినారా? నువ్వు రాయి. అడుగు."

నాకొచ్చిన ఇంగ్లీషులో మామ పల్టన్‌కు ఉత్తరం రాసినాను. కింద అత్త సంతకం. జవాబు రాలేదు. ఇంకోటి రాయించింది. రాలేదు. మూడోదానికి వచ్చింది. మర్యాదగానే రాశారు, ఆ వివరం తమ దగ్గరున్న కాగితాల్లో దొరకలేదని. అత్త రెండుసార్లు చదివించుకుంది.

"తెలీదంట" అంది. లేచి, కొంగు దులుపుకొని నిలబడింది. "అయితే నేను చెప్తాండా. బతికినాడు. పెండ్లాం, బిడ్డలు, అందరూ ఉండారు."

"అత్తా, అది మనకు..."

"బతికినాడే. నా మొగుడు రెండోసారి ఊరికే పోయినాడా?"

ఆ తర్వాత ఎవరడిగినా అత్త అట్లే చెప్పింది, ఇద్దరు బతికినారని. ఆమె పోయి కొన్నేళ్లయింది. నేను ముప్పై ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పినాను. ప్రతి జెండా పండగకూ మామ సంగతి చెప్పేదాన్ని. ఇద్దరు బతికినారనే చెప్పినాను. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల వెనక కూర్చొని అంతా విని, నన్ను పక్కకు పిలిచి, "రెండో మనిషి బతికినాడని ఆధారం ఏముందమ్మా? పిల్లలకు నిజాలు చెప్పాలి గదా" అన్నాడు.

"మా అత్త చెప్పింది సార్" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయినాడు. నేను ఒక పిల్లోన్ని గంట కొట్టమని చెప్పి, మళ్లీ తరగతిలోకి పోయినాను.